బాకా ఆగిన తర్వాత

మా ఒల్షీని ఊళ్ళో ఈర్ష్య అంటే ఏమిటో తెలియని మగవాడు ఎవరయ్యా అంటే నేనొక్కణ్ణే. ఇది గొప్పకి చెప్పడం లేదు. పక్కింటి ఆపిల్ చెట్టు నా చెట్టుకి రెండింతలు కాసినా, ఆ కొమ్మ నా గోడ మీదికి వంగినప్పుడు ఒక కాయ కోసుకుని తిని, తియ్యగా ఉందని మెచ్చుకునే రకం నేను. నా చెవులు కూడా నా మనసులాగే గొప్పవి. క్రాకూవ్ గోపురం మీద మధ్యాహ్నం పూట వాయించే బాకాని, ఇన్ని కొండలూ ఇన్ని ఊళ్ళూ దాటి, మా ఇంటి మెట్ల మీద కూర్చుని రోజూ వింటాను. అలాంటి మనసూ అలాంటి చెవులూ ఉన్నవాడు చెబుతున్నాడు కాబట్టి ప్రతి మాటా నిజమని నమ్మి వినండి.

కథ నాది కాదు, మా పక్కింటి వాల్దెక్‌ది. వాల్దెక్ పొయ్యిల మేస్త్రి. వండుకునే పొయ్యిలు కావు, గది మూలన నేల నుంచి కప్పు దాకా నిలబడి చలికాలమంతా ఇంటిని వెచ్చగా ఉంచే పింగాణీ పలకల పొయ్యిలు. పండగ పూటల్లో మాత్రం ఫైరు దళం బ్యాండులో పెద్ద బూర ఊదుతాడు. ఒంటికి కొండచిలువలా చుట్టుకునే ఇత్తడి బూర అది. ఒక చలికాలం దాన్ని షెడ్డులో వదిలేస్తే లోపల కోడి గుడ్లు పెట్టిందనీ, వసంతంలో మొదటిసారి ఊదినప్పుడు పూం అనే శబ్దంతోపాటు ఒక కోడిపిల్ల కూడా బయటికి వచ్చిందనీ చెప్పుకుంటారు. ఆ పిల్లని నేను కళ్ళారా చూశాను.

ఆ శనివారం పొద్దుటి నుంచీ వాల్దెక్ షెడ్డులోకి పోకుండా వంటింట్లోనే తచ్చాడుతున్నాడు. బొగ్నా బల్ల మీద పియెరొగీలు చేస్తోంది. పల్చగా ఒత్తిన పిండిని గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, మధ్యలో బంగాళాదుంప ముద్ద పెట్టి, మడిచి, అంచుల్ని వేళ్ళతో నొక్కుతోంది. పంచదార డబ్బాకి ఆనించి ఒక అట్ట నిలబడి ఉంది. దాని మీద ఒక పక్క క్రాకూవ్ గోపురం బొమ్మ, ఇంకో పక్క గ్దాన్స్క్ రేవులోని పాత చెక్క క్రేను బొమ్మ. ఇన్నేళ్ళూ ఊరి లైబ్రరీని నడిపి, కిందటి వారం తాళాలు అప్పజెప్పినందుకు బొగ్నాకి ఊరంతా కలిసి ఇచ్చిన కానుక అది. ఇద్దరికి రాకపోకల ఖర్చు, మూడు రాత్రుల బస. రెండు ఊళ్ళలో ఏది కావాలో ఎంచుకుని, పండగ వెళ్ళాక వచ్చే సోమవారం లోపల పంచాయతీ ఆఫీసులో హెలాకి చెబితే చాలు.

"ఎక్కడికి పోదామంటావు?" అని అడిగాడు వాల్దెక్, గోళ్ళలో మట్టి పుల్లతో తీసుకుంటూ.

ఆ ఇంట్లో ఈ ప్రశ్న మర్యాద కోసం అడిగేది. కారు ఏ రంగుది కొనాలో, పరదాలు ఎంత పొడవుండాలో, కుక్కకి ఏం పేరు పెట్టాలో అన్నీ ముందు బొగ్నానే అడిగేవాడు. అడిగి, కాసేపు తల పంకించి, జవాబు తనే చెప్పేవాడు. ఇప్పుడు కూడా చెప్పడానికి నోరు తెరిచాడు.

"క్రాకూవ్," అంది బొగ్నా.

వాల్దెక్ తెరిచిన నోరు మూశాడు. "కాస్త ఆలోచించవా?"

"ఆలోచించే చెప్పాను. మధ్యాహ్నం ఆ గోపురం కింద నిలబడాలని ఉంది. నిలబడి..."

అంతలో కిటికీ అరుగు మీద రేడియోలో బాకా మొదలైంది. బొగ్నా మాట మధ్యలోనే ఆపి చూపుడు వేలు పైకెత్తింది, పిండి అంటిన వేలు. మాట్లాడకు అని దానర్థం. దేశమంతా వినే బాకానే అది. గోపురం మీద ఫైరు దళం మనిషి నాలుగు దిక్కులకీ తిరిగి నాలుగుసార్లు వాయిస్తాడు. ఎప్పుడో శత్రువులు వస్తున్నారని హెచ్చరిస్తున్న కాపలావాడి గొంతులో బాణం దిగిందట. అందుకని ఇప్పటికీ పాట అదే చోట, సగం స్వరంలో, కత్తితో కోసినట్టు తెగిపోతుంది.

నాలుగోసారీ తెగింది. బొగ్నా వేలు దిగలేదు. తల కొంచెం పక్కకి వంచి, షెడ్డు వైపున్న కిటికీ లోంచి బయటికి చూస్తూ ఆగింది. బయట పిచ్చుకలు తప్ప ఏమీ లేవు. కాసేపటికి వేలు దించి, చిన్నగా నిట్టూర్చి, మళ్ళీ పియెరొగీ అంచు నొక్కింది.

ఆ నిట్టూర్పు వాల్దెక్ గుండెలో ముల్లులా దిగబడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ వేళకి అతను వంటింట్లో ఉండడం ఎప్పుడూ జరగలేదు. షెడ్డులో పలకలు చెక్కుకుంటూ ఉండేవాడు. అంటే రోజూ ఇదేనన్నమాట! రోజూ ఆ బాకా విని, ఆకాశంలోకి చూసి, ఇలా నిట్టూర్చి, ఆ తర్వాత తన కంచంలో సూపు పోస్తోందన్నమాట!

లెషెక్, అనుకున్నాడు.

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు. లెషెక్ ఈ ఊరివాడే, వాల్దెక్‌తో ఒకే బల్ల మీద చదివినవాడే. మా బ్యాండులో బాకా ఊదేవాడు. తర్వాత క్రాకూవ్ పోయి ఫైరు దళంలో చేరి, ఆ గోపురం మీద బాకా వాయించేవాడయ్యాడు. పోయే ముందు, కోతల పండగ డాన్సులో బొగ్నాతో ఆడాడు. ఎన్ని పాటలకి ఆడాడో వాల్దెక్‌కి తెలియదు. ఎందుకంటే అతను అప్పుడు వేదిక మీద పెద్ద బూర ఊదుతున్నాడు. వాళ్ళిద్దరి కాళ్ళకీ తాళం వేసింది తనే. పూం పూం, పూం పూం, ఊపిరి ఆగకుండా!

"సముద్రం," అన్నాడు వాల్దెక్ బిగ్గరగా. "గ్దాన్స్క్ పోదాం. నీ గొంతు గ్రంథికి అయోడిన్ ఉన్న సముద్రపు గాలి మంచిదని డాక్టరు చెప్పాడా లేదా?"

"నాకు గొంతు గ్రంథి జబ్బేమీ లేదు. అది మీ అక్కకి."

"ఇప్పుడు లేదు. రాకూడదనే చెబుతున్నా. అక్కడ చేప పట్టినది పట్టినట్టే వేయించి పెడతారు. క్రాకూవ్‌లో ఏముంది? పావురాలు. తలెత్తి నిలబడితే నోట్లో రెట్ట వేస్తాయి."

బొగ్నా అతని వంక ఒకసారి చూసి, పియెరొగీలు మరిగే నీళ్ళలోకి జారవిడిచింది.

ఆదివారం మధ్యాహ్నానికి బొగ్నా వంటింటి రేడియో మాయమైంది.

"గరగరమంటోంది, బాగుచేస్తాను," అని వాల్దెక్ దాన్ని షెడ్డులోకి తీసుకుపోయి, వెనక మూత విప్పి, మరల్ని ఒక డబ్బాలో పోసి, ఆ డబ్బాని ఎత్తైన అలమర మీద పెట్టాడు.

ఆ రోజు మెట్ల మీద కూర్చున్న నాకూ బాకా వినపడలేదు. చెవులకి ఏ జబ్బు వచ్చిందోనని భయపడి మా ఆవిణ్ణి గట్టిగా తిట్టమన్నాను. తిట్లు బాగానే వినపడ్డాయి. ఇక దాచడానికేముంది, కొండలు దాటి వచ్చిందంటూ నేను రోజూ వినే బాకా బొగ్నా వంటింటి కిటికీ దాటి వచ్చేదే.

సోమవారం నుంచి వాల్దెక్ మా ఇంట్లో పనికి వచ్చాడు. మా ముందు గది పొయ్యి పొగ వెనక్కి తన్నుతోంది. అతను దాన్ని పై వరస నుంచి ఒక్కో పలకే ఊడదీసి, మసి గీకి, నీళ్ళ తొట్టిలో నానబెట్టాడు. ఎర్రమట్టిలో ఇసక కలిపి, నీళ్ళు చిలకరించి, రొట్టెపిండిలా మడమతో తొక్కాడు. పలక వెనక గూడులో ఆ మట్టి కూరి, పెంకు ముక్కలు దట్టించి, అరిచేత్తో చరిచి, పక్క పలకకి తీగతో బిగించి, వేలి కణుపుతో టక్ టక్‌మని కొట్టి చూస్తాడు. శబ్దం బోలుగా వస్తే పలక మళ్ళీ తొట్టిలోకే. మామూలుగా ఆ పని చేస్తున్నంతసేపూ అతని నోట్లో ఏదో ఒక పూం పూం నడుస్తూనే ఉంటుంది. తనకి ఆ సంగతే తెలియదు. ఈసారి మాత్రం నోరు కుట్టేసుకున్నట్టు ఉన్నాడు.

మంగళవారం, బాకా వేళవుతోందని మా ఆవిడ మా రేడియో పెట్టబోతే, మట్టిచేతులతోనే వచ్చి మీట నొక్కేశాడు.

"తలనొప్పిగా ఉంది, వదినా."

"తలనొప్పికి బాకా ఏం చేసిందయ్యా?" అన్నాన్నేను. "గ్దాన్స్క్ పోతున్నారటగా? బొగ్నా క్రాకూవ్ అంటోందని చెప్పింది మా ఆవిడ."

"అనుకుంటోంది. ఇంకా తేలలేదు."

"క్రాకూవ్‌లో మన లెషెక్ ఉన్నాడుగా. కాఫీ కూడా ఊరికే వస్తుంది."

వాల్దెక్ చేతిలో పలక మూల టక్కుమని విరిగింది. మంచి పలక, ఆకుపచ్చ మెరుపుది, అలాంటిది ఇప్పుడు దొరకదు. దాని వంక చూసి, ముక్కని జేబులో వేసుకున్నాడు.

"పెద్దాయనా, నిన్నొకటి అడుగుతాను. ఊదేవాడి ఊపిరిని బట్టి మనిషిని గుర్తుపట్టవచ్చా?"

"ఎందుకు పట్టలేం? నీ ఊపిరి ఉల్లిపాయ వాసన."

"వేళాకోళం కాదు. రేడియోలో వినే బాకా వాడిదే. పైకి పోయే ముందు చిన్నగా సాగదీస్తాడు చూడు, గారాబం పోతున్నట్టు. చిన్నప్పటి నుంచీ వాడి పద్ధతే అది. అది ఆవిడకీ తెలుసు. తెలిసే వింటుంది." గొంతు తగ్గించాడు. "వేలెత్తుతుంది పెద్దాయనా. కదలొద్దన్నట్టు. నా మాటకి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వేలెత్తలేదు."

నాకు నవ్వు వచ్చింది గానీ అతని మొహం చూసి మింగేశాను. మట్టి చారలు పడ్డ ఆ మొహంలో కళ్ళు కోపంగా లేవు. పిల్లలు ఆటలోకి రానివ్వకపోతే గోడవతల నిలబడి చూసే కళ్ళలా ఉన్నాయి.

బుధవారం సాయంత్రం ఫైరు దళం హాల్లో బ్యాండు అభ్యాసం. మర్నాడు పువ్వుల ఊరేగింపు పండగ. ఆడవాళ్ళు బయట తెల్లబెరడు బర్చి చెట్టు కొమ్మలు కట్టలు కడుతున్నారు. వాల్దెక్ ముందుగా వచ్చి గోడ మీది పాత ఫోటో ఎదుట నిలబడ్డాడు. అది రోజూ చూసే ఫోటోనే, ఇవాళే కొత్తగా కుట్టింది. ముందు వరసలో లెషెక్ బాకాని తుంటికి ఆనించి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. పక్కన బొగ్నా, జడలో రిబ్బను, దళం జెండా అంచు పట్టుకుని ఉంది. వెనక వరసలో పెద్ద బూర నోరు చంద్రుడంత మెరుస్తోంది. ఆ చంద్రుడి పైన ఒక టోపీ. ఆ టోపీ కిందే ఎక్కడో వాల్దెక్ ఉండాలి.

"ఒక మంచి కబురు," అన్నాడు బ్యాండు మాస్టారు ఫెలిక్స్. "రేపు ఊరేగింపులో మనతో కలిసి వాయించడానికి లెషెక్ వస్తున్నాడు."

అందరూ కాళ్ళతో నేల తన్ని హుషారు చేశారు. వాల్దెక్ బూర గొట్టంలో చేరిన తడి వదిలించుకుంటున్నట్టు కిందికి వంగి చాలాసేపు లేవలేదు.

"బొగ్నాకి చెప్పావా వాల్దెక్?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. "జుట్టు రింగులు తిప్పించుకోవాలి కదా పాపం!"

హాలంతా గొల్లుమంది. పెద్ద డోలు ముందేసుకుని కూర్చున్న నేను కూడా, ఎందుకు అబద్ధం, ఒక దెబ్బ వేశాను.

ఇంటికి వచ్చేసరికి బొగ్నా అతని తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నిజంగానే జుట్టుకి రింగుల గొట్టాలు చుట్టుకుని ఉంది. ప్రతి పండగ ముందురోజూ చుట్టుకుంటుంది. ఇదివరకు వాల్దెక్ ఎప్పుడూ చూడలేదంతే.

"ఎవరికోసం?" అన్నాడు.

"ఏది?"

"ఆ గొట్టాలు."

"దేవుడి కోసం," అంది బొగ్నా. చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె నెమ్మదిగా నడిపింది. "హెలా కనపడింది మధ్యాహ్నం. గ్దాన్స్క్ అని చెప్పేశాను."

వాల్దెక్ కుర్చీలో కూలబడ్డాడు. నాలుగు రోజులుగా ఇందుకోసమే పోరాడాడు. తీరా చేతికి వచ్చాక, అది పట్టుకోవడానికి పిడి లేని వస్తువులా ఉంది.

"క్రాకూవ్ అన్నావుగా?"

"అన్నాను. నువ్వు రేడియో విప్పావు." ఆమె గొంతులో కోపం లేదు, అదే బాధ. "ఆ చెయ్యి ఇలా పెట్టు, నీ చొక్కా బొత్తాం ఊడింది."

అతను చెయ్యి చాపాడు. ఆమె వంగి, బొత్తాం కుట్టి, దారం పళ్ళతో కొరికింది. రింగుల గొట్టాలు అతని గడ్డానికి తగిలాయి. ఇంత దగ్గరగా ఉన్న మనిషి ఎంత దూరంలో నిలబడి ఏ బాకా వింటోందో అనుకున్నాడు.

గురువారం ఎండ పేలిపోయింది. నాలుగు వీధుల మొగల్లో నాలుగు పూజా వేదికలు కట్టారు. వాటికి ఇటూ అటూ బర్చి కొమ్మలు నిలబెట్టారు. పందిరి కింద ఫాదర్ గారు, ముందు పూరేకులు చల్లే ఆడపిల్లలు, వెనక మేము. లెషెక్ వచ్చాడు. జుట్టు వెండిలా నెరిసింది గానీ నడుం వంగలేదు, పొట్ట రాలేదు. ఇది అసూయతో అంటున్నది కాదు, ఊరికే చెబుతున్నాను. నోట్లో మాత్రం కొత్తగా కట్టించుకున్న పళ్ళు. మాట్లాడితే చిన్నగా ఈల వస్తోంది.

"ఒరేయ్ వాల్దెక్! ఇంకా ఆ కొండచిలువేనా?" అని కావలించుకోబోయాడు. మధ్యలో బూర అడ్డం వచ్చింది. వాల్దెక్ దాన్ని పక్కకి జరపలేదు.

ఊరేగింపంతా లెషెక్ ముందు వరసలో, వాల్దెక్ చివరి వరసలో. బూర నోట్లోంచి ఎండ వాల్దెక్ కళ్ళలోకి కొడుతోంది. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుపోయింది. ప్రతి వేదిక దగ్గరా జనం మోకాళ్ళ మీద వంగినప్పుడు అతను బొగ్నా కోసం వెతికాడు. ఒకచోట నీలం గౌను, ఒకచోట రింగుల జుట్టు. ఆమె ఎటు చూస్తోందో మాత్రం ఒక్కసారీ అందలేదు.

ఊరేగింపు గుడికి తిరిగొచ్చింది. జనం వేదికల దగ్గర బర్చి రెమ్మలు విరుచుకుని, ఇంటి చూరులో పెట్టుకోవడానికి పట్టుకుని, గుడి ముందు గుమిగూడారు. మధ్యాహ్నం గంట మోగింది. గంట ఆగగానే ఫెలిక్స్ మాస్టారు చెయ్యెత్తాడు.

"లెషెక్, గోపురం పాట! మా ఊళ్ళో ఒక్కసారి!"

లెషెక్ వద్దు వద్దంటూనే మెట్లెక్కాడు. మొదట తూర్పుకి తిరిగి వాయించాడు. తర్వాత దక్షిణానికి. మూడోసారి పడమటికి తిరిగి వాయిస్తుండగా, పైకి పోయే స్వరం దగ్గర కట్టుడుపళ్ళు జారి, బాకా పిల్లి తోక తొక్కినట్టు కీచుమంది. కొందరు నవ్వారు. అతను పళ్ళు సర్దుకుని నాలుగో దిక్కుకి తిరిగాడు.

నాలుగో దిక్కున బొగ్నా ఉంది.

గుడి గోడ నీడలో ఆడవాళ్ళతో నిలబడి ఉంది. చేతిలో బర్చి రెమ్మ. రెండో చెయ్యి పైకెత్తి ఉంది, చూపుడు వేలు నిటారుగా. ఇంట్లో మూసిన గదిలో కాదు, ఊరందరి ముందు, పట్టపగలు, వాడి వంక తిరిగి వేలెత్తింది. వాల్దెక్ పరువు పోయింది. ఇల్లు పోయింది. పాట మలుపు తిరిగి పైకెక్కింది, గారాబంగా సాగింది, ఇంకా ఎక్కబోయింది, తెగింది.

నిశ్శబ్దం. ఆకు కూడా కదలనంత నిశ్శబ్దం.

పూం.

చిన్న శబ్దమే. తెగిన చోట నుంచి పాట ఎక్కడికి రావాలో సరిగ్గా అక్కడికి, కింద, మెత్తగా, మెట్టు దిగి నేల మీద పాదం పెట్టినట్టు వచ్చి ఆగింది. ఊరంతా వెనక్కి తిరిగింది. వాల్దెక్ కూడా ఎవరా అని వెనక్కి తిరిగాడు. వెనక గోడ ఉంది. అప్పుడు తెలిసింది, పెదాలు తన బూరకే ఆని ఉన్నాయని.

జనం పకపకా నవ్వారు. ఫాదర్ గారు నవ్వు ఆపుకోవడానికి దగ్గు తెచ్చుకున్నారు. వాల్దెక్ చెవులు కాలిన ఇటుకల్లా అయ్యాయి. తలెత్తలేక తలెత్తి చూశాడు.

బొగ్నా లెషెక్ వంక చూడటం లేదు. లెషెక్‌ని దాటి, ముందు వరసల టోపీలన్నిటినీ దాటి, బూర వెనకున్న మొహాన్ని చూస్తోంది. ఇప్పుడు దించింది వేలు, రావలసినది వచ్చేసిందన్నట్టు.

లెషెక్ మెట్లు దిగి వాల్దెక్ దగ్గరికి వచ్చాడు. "ఇన్నేళ్ళు వాయించాను ఆ గోపురం మీద నుంచి. ఒక్కడు జవాబు చెప్పలేదురా. ఆ కొలువు దిగిపోయి ఏడేళ్ళయ్యాక ఇవాళ వచ్చింది."

"దిగిపోయావా?" అన్నాడు వాల్దెక్. "మరి రేడియోలో?"

"కుర్రాళ్ళు. వాళ్ళ పేర్లు కూడా నాకు సరిగా తెలియవు."

ఇద్దరూ ఇంటిదారి పట్టారు, వాళ్ళ వెనకే డోలుతో నేను. వాల్దెక్ భుజం మీద బూర, బొగ్నా చేతిలో బర్చి రెమ్మ. మా గేటు దగ్గరకి వచ్చాక అతను ఆగాడు.

"ఎప్పటి నుంచి?"

"ఏది ఎప్పటి నుంచి?"

"నేను... అలా చెయ్యడం."

"పెళ్ళైన కొత్త నుంచి," అంది బొగ్నా. "నువ్వు షెడ్డులో ఉన్నప్పుడు. బాకా నాలుగోసారి ఆగుతుంది, నువ్వు లోపల్నుంచి పూం అంటావు. నోటితోనే. ఒక్కోసారి సుత్తితో తొట్టి మీద. అది వినపడ్డాకే సూపు దించుతాను. ఆ పాట అలా సగంలో ఉంటే నాకు రోజంతా ఏదో మర్చిపోయినట్టు ఉంటుంది."

"ఊళ్ళో ఎవరికైనా తెలుసా?"

"అందరికీ తెలుసు. పక్కింటి పెద్దాయన అది వినడానికే మెట్ల మీద కూర్చుంటాడు."

వాల్దెక్ నా వంక చూశాడు. నేను ఆపిల్ చెట్టు వంక చూశాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే మానేస్తావుగా!" అంది బొగ్నా. "సిగ్గుపడి మానేస్తావు. శనివారం నువ్వు వంటింట్లో ఉన్నావు, షెడ్డు ఊరుకుంది. అప్పుడే అనుకున్నాను, ఒక్కసారి అసలు చోటికి పోయి, ఆ గోపురం కింద, గోడ అడ్డం లేకుండా నీ పక్కన నిలబడి వినాలని. నువ్వు అయోడిన్ అన్నావు."

వాల్దెక్ బూరని మా గేటుకి ఆనించి, షెడ్డులోకి పోయి, అలమర మీది డబ్బా దించాడు. రేడియోకి మూత బిగిస్తుంటే ఒక మర మిగిలిపోయింది. అది ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. రేడియో మాత్రం పాడుతోంది.

సోమవారం పొద్దున్న, పంచాయతీ ఆఫీసు తెరిచే వేళకి, టోపీ చేతిలో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"హెలా దగ్గరకి నేను పోయి మారుస్తాను. క్రాకూవ్ అని."

"నువ్వా?" అంది బొగ్నా.

వాల్దెక్ నోరు తెరిచాడు, మూశాడు. టోపీ ఇటు నుంచి అటు తిప్పాడు. తర్వాత కుర్చీలో కూర్చుని టోపీని మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నువ్వే పో. నీకేది కావాలంటే అది చెప్పు. నేను అడగను కూడా."

"గ్దాన్స్క్ అంటే?"

"చేప తింటాను."

"క్రాకూవ్ అంటే?"

"పావురాలు..." అని మొదలుపెట్టి ఆపాడు. "తలెత్తి నిలబడతాను."

ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళింది. తిరిగొచ్చాక ఏ ఊరు చెప్పిందో చెప్పలేదు. అతను నిజంగానే అడగలేదు. రైలెక్కే రోజు దాకా, తెలియక నిద్ర పట్టక, మా ఇంటికి వచ్చి పూర్తయిన పొయ్యిని కూడా మళ్ళీ మళ్ళీ టక్ టక్‌మని కొట్టి చూసి పోయేవాడు. స్టేషన్లో దక్షిణానికి, క్రాకూవ్ వైపు పోయే రైలు ముందు ఆమె ఆగినప్పుడు, పెట్టె కింద పెట్టి, జేబు రుమాలుతో మొహమంతా తుడుచుకున్నాడట.

గోపురం కింద ఏం జరిగిందో బొగ్నాయే మా మెట్ల మీద కూర్చుని చెప్పింది. ఆ కూడలి అంతా జనం, ఎక్కడెక్కడివాళ్ళో. నాలుగోసారి పాట తెగింది. ఆవిడ వేలెత్తింది. వాల్దెక్ చెవుల దాకా ఎర్రబడి, పెదాలు బిగించి నిలబడ్డాడు. జనం చెదిరిపోయారు. ఆవిడ వేలు దించేసి, పోనీలే అనుకుంది. ఇద్దరూ చాలా దూరం నడిచి, ట్రామెక్కి, సీట్లలో కూర్చుని, ఆవిడ కిటికీ లోంచి వేరే ఏదో చూస్తున్నప్పుడు, పక్క నుంచి మెల్లగా పూం అని వినపడిందట.

ఇదీ కథ. ఇందులో నేను కల్పించింది ఒకే ఒక్కటి ఉంది. కోడిపిల్ల అనుకుంటున్నారేమో, కోడిపిల్ల నిజమే. నేను కల్పించింది లెషెక్ కట్టుడుపళ్ళు. అతని పళ్ళు అతనివే. ఆ రోజు గుడి మెట్ల మీద బాకా ఎక్కడా కీచుమనలేదు. మూడో దిక్కుకీ నాలుగో దిక్కుకీ కూడా, కరిగిన బంగారం పోసినట్టు వాయించాడు. నా జన్మలో అంత అందమైన శబ్దం వినలేదు. వింటుంటే డోలు ముందు నిలబడ్డ నాకు కడుపు భగ్గుమంది. ఎంత వాయించినా డోలువాడి కోసం ఎవరూ వేలెత్తరు. అందుకని కథలోనైనా ఆ స్వరం విరగ్గొట్టాను.

అయితే బొగ్నా అంత మంచి బాకా విని కూడా వేలు దించలేదు, ఆ పూం కోసం ఆగింది. అది మాత్రం కల్పించింది కాదు.